ఉట్నూరు అర్ర

ఉట్నూరుకు పోస్టింగు వచ్చిన రోజు మా ఇంట్లో ఎవరూ అన్నం సరిగ్గా తినలేదు. నేను తిన్నాను. ప్రభుత్వ జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే ఉద్యోగం నాది. ఎక్కడ వేస్తే అక్కడికి పోవాల్సిందే, దానికి అన్నం మీద అలగడం ఎందుకు? మా అత్త మాత్రం చావు కబురు విన్నట్టు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "గా అడివిల ఒక్కదానివి ఎట్లుంటవ్ బిడ్డా?" అంది. మా ఆయన మా ఊరు కరీంనగర్‌లోనే ఒక సర్కారు ఆఫీసులో పనిచేస్తాడు. రెండేళ్లు ఆగితే బదిలీలు వస్తాయని, భార్యాభర్తలిద్దరూ ఉద్యోగులైతే పాయింట్లు కలుస్తాయని, నన్ను వెనక్కి రప్పించుకోవచ్చని అప్పుడే లెక్క వేశాడు. "జర ఓపిక వట్టు, ఫికర్ చెయ్యకు," అన్నాడు. ఫికర్ చేసిందెవరు గనక!

అక్కడ నాకొక అర్ర దొరికింది, ఒంటి గది. ఇల్లుగలామె బట్టలు కుట్టుకుని బతికే ముస్లిం పెద్దావిడ, ఒంటరి మనిషి. వెనకవైపు అర్ర నాకిచ్చింది. ముందు చిన్న అరుగు, అరుగు ఎదురుగా కందిచేను, ఆ వెనక టేకు చెట్లు. సామాను దించుకున్న సాయంత్రం వచ్చి "తిన్నవా బిడ్డా?" అని అడిగింది. నేను జవాబు చెప్పేలోపే జొన్నరొట్టె, పచ్చిమిరపకాయల కారం ఉన్న పళ్లెం అరుగు మీద పెట్టి, పోయి తన కుట్టుమిషన్ ముందు కూర్చుంది. ఈ రెండేళ్లలో ఆమె నన్ను అంతకు మించి ఏమీ అడగలేదు. అల్లా ఆమెను చల్లగా చూడాలి.

మొదటి వారం భయపడ్డాను, అబద్ధమెందుకు. రెండో వారం ఒకరోజు కాలేజీ నుంచి వచ్చి అరుగు మీద కాళ్లు చాపుకుని కూర్చున్నాను. ఎవరూ పిలవలేదు. చీకటి పడేదాకా పిలవలేదు. చాయ్ పెట్టమని గానీ, గ్యాస్ బుక్ చేశావా అని గానీ, ఆడబిడ్డ వాళ్లు వస్తున్నారట ఏం వండుదామని గానీ ఒక్క మాట లేదు. నలభై మూడేళ్లొచ్చాక మొదటిసారి ఒక సాయంత్రం పూర్తిగా నాదైంది. ఏడుపొచ్చింది. సంతోషంతోనే ఏడ్చాను.

శనివారం కరీంనగర్ బస్సెక్కి, ఆదివారం మధ్యాహ్నం తిరుగు బస్సెక్కేదాన్ని. ఇంట్లో అడుగు పెట్టే ముందే ముఖం వేలాడేసుకునేదాన్ని. నీళ్లు రావనీ, కరెంటు ఉండదనీ, కూరగాయలు దొరకవనీ చెప్పేదాన్ని. నీళ్లొస్తాయి, కరెంటు ఉంటుంది, అంగడి రోజు పోతే కావలసినన్ని కూరగాయలు. నాలుగో వారానికల్లా అబద్ధాలు నోటికి అలవాటైపోయాయి. "ఎట్ల సిక్కిపోయింది సూడు," అంటూ అత్త సీసాల నిండా తొక్కు పెట్టి పంపేది. అప్పటికి నేను మూడు కిలోలు పెరిగాను.

నన్ను చూసి పాపం అనని మనిషి మా ఇంట్లో మా బిడ్డ ఒక్కతే. ఇంటర్ చదువుతోంది. పొద్దున ఆరింటికి పోతే సాయంత్రం ఏడింటికి ఇల్లు చేరుతుంది. రోజుకో పరీక్ష. మార్కులెన్నని నాయనమ్మ అడుగుతుంది, బాపు అడుగుతాడు, పక్కింటివాళ్లకు కూడా కావాలి. నేనేం తక్కువ తిన్నానా? రోజూ రాత్రి అన్నం వేళకు అరుగు మీద కూర్చుని ఫోన్ చేసి "ఎన్నొచ్చినయ్?" అనేదాన్ని. చెప్పేది. "ఎందుకు తగ్గినయ్?" అనేదాన్ని. తర్వాత ఫోన్ పక్కన పెట్టి, గోడకు ఆనుకుని గాలి పీల్చుకునేదాన్ని.

ఇంతలో బదిలీలు రానే వచ్చాయి. మాకిప్పుడు అంతా ఆన్‌లైన్. ఖాళీలున్న కాలేజీల జాబితా ఇస్తారు, కావలసినవి వరుసగా పెట్టుకోవాలి. పాయింట్లు ఎక్కువున్నవాళ్లకు ముందు దొరుకుతుంది. ఏదీ దొరకకపోతే ఉన్నచోటే ఉండాలి. అందుకే ఉట్నూరులో ఉండలేనివాళ్లెవరైనా ఉన్నవన్నీ పెడతారు. మా ఆయన కరీంనగర్ చుట్టుపక్కలవి పద్నాలుగు కాలేజీలు ఒక కాగితం మీద రాసిచ్చాడు. "ఒక్కటి గూడ ఇడువకు. ఏదో ఒకటి తప్పకుండ వస్తది," అన్నాడు. ఆయన చెప్పింది నిజమే, తప్పకుండా వచ్చేది. నా భయమూ అదే.

నెట్ సెంటర్‌లో కూర్చుని ఒక్కటే పెట్టాను. కరీంనగర్ నడిబొడ్డున ఉన్న కాలేజీ అది. నాకన్నా ఎక్కువ పాయింట్లున్నవాళ్లు ఎనిమిదిమంది దాని మీద కన్నేశారని మా స్టాఫ్‌రూం అంతటికీ తెలుసు. అది నాకు రానే రాదు. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు ఆ దరఖాస్తు ప్రింటు మడిచి బ్యాగు అడుగున వేసుకున్నాను.

ఫలితాలొచ్చిన శనివారం ఇంటికి పోయి "అన్ని వెట్టిన, ఒక్కటి గూడ రాలే," అన్నాను. అత్త కళ్లనీళ్లు పెట్టుకుంది. మా ఆయన "ఏం జేస్తం, నసీబ్ల లేదు," అని వచ్చి నా భుజం తట్టాడు. జాలేసింది. అయినా హాయిగా నిద్రపోయాను.

మర్నాడు బట్టలు సర్దుకుంటుంటే బిడ్డ లోపలికొచ్చి తలుపు దగ్గరగా వేసింది. చేతిలో ఆ ప్రింటు. పెన్ను కోసం నా బ్యాగు వెతికిందట.

"అన్ని వెట్టిన అన్నవ్ గద అమ్మా. దీంట్ల ఒక్కటే ఉన్నది."

దొంగకు తేలు కుట్టినట్టయింది నా పని. తప్పు నాదైనప్పుడు నాకు ముందు కోపమే వస్తుంది. "నా బ్యాగుల చెయ్యి వెట్టమని నీకెవరు చెప్పిన్రు?" అన్నాను.

"బాపుకు చెప్పలే. చెప్పను గూడ," అంది. కాగితం మళ్లీ ఉన్న మడతలోనే మడిచి నా చేతికిచ్చి, మంచం మీద కూర్చుంది. "ఆడ మంచిగుంటదా?"

రెండేళ్ల అబద్ధాలు. అందులో ఒక్కటి కూడా ఆ పిల్ల ముఖం చూస్తూ చెప్పబుద్ధి కాలేదు. "ఉంటది," అన్నాను.

"సెలవులల్ల నన్ను గూడ తీస్కపోతవా? పది రోజులు సాలు."

మంచి తల్లయితే అప్పుడే దగ్గరికి తీసుకునేది. నాకు ముందు గుర్తొచ్చింది నా అరుగు. ఇద్దరికి అది ఇరుకు కదా అనుకున్నాను. అనుకున్నందుకు మరుక్షణమే సిగ్గేసింది, కానీ అప్పటికే బిడ్డ నా ముఖం చూసేసింది.

"నిన్ను పరేషాన్ చెయ్య అమ్మా," అంది గబగబా. "నువ్వు నాతోని మాట్లాడకున్నా సరే. నేను గూడ మాట్లాడ."