పదమూడు నెలల ఆగస్టు

మా గనుల ఆఫీసులో ఆగస్టు నెల పదమూడు నెలలు నడిచింది. నడిపినవాణ్ణి నేనే. బస్తర్ కొండల మీద ఇనుపరాయి తవ్వే ఆ టౌన్‌షిప్‌లో కంప్యూటర్లన్నీ నేనే చూసుకునేవాణ్ణి. విజయనగరం నుంచి కొత్తగా వెళ్ళాను, ఒళ్ళంతా తెలివే.

సంగతేమిటంటే, పర్సనల్ సెక్షన్‌లో ఉద్యోగుల వివరాలు దాచి, ఉత్తరాలు అచ్చేసే సాఫ్ట్‌వేర్ లైసెన్సు ఒక ఆగస్టు ఆఖరున అయిపోయింది. కొత్తది కొనమని హెడ్డాఫీసుకు ఫైలు పంపాం. పాతది ఎందుకు అయిపోయిందో వివరించమని తిరిగొచ్చింది. వివరించి పంపాం. ఆ వివరణ రెండు ప్రతుల్లో కావాలన్నారు. ఈలోగా నేను కంప్యూటర్ తేదీని వెనక్కి, ఆగస్టు ఒకటికి తిప్పేశాను. సాఫ్ట్‌వేర్ నోరు మూసుకుని పనిచేసింది. నెలాఖరు రాగానే మళ్ళీ ఒకటికి తిప్పేవాణ్ణి. మా మేనేజరు రాయపూర్ మనిషి. "చల్ రహా హై నా? చల్నే దో" అన్నాడు. నడుస్తోంది కదా, నడవనివ్వమని. అంతకంటే పెద్ద అనుమతి నాకేం కావాలి?

తర్వాత మిగతా సెక్షన్లకూ ఆ గతే పట్టింది. స్టోర్సు డిసెంబరులో ఆగింది, మేడ మీద సర్వేవాళ్ళు ఏప్రిల్‌లో ఆగారు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెదొక దారి అన్నట్టు, గోడ మీది క్యాలెండరొక్కటే సరైన తేదీ చూపించేది. అచ్చయిన ప్రతి కాగితం మీదా తప్పు తేదీ పడేది. గుమాస్తా దాన్ని వైట్నర్‌తో చెరిపి, అసలు తేదీ పెన్నుతో వేసి, పక్కన పొట్టి సంతకం చేసేవాడు. వైట్నర్ సీసాలు డజన్ల లెక్కన తెప్పించేవాళ్ళం. వాటికి మాత్రం హెడ్డాఫీసు ఏనాడూ వివరణ అడగలేదు.

పర్సనల్ సెక్షన్‌లో ఫైళ్ళు మోసే అటెండరు ఒకామె ఉండేది. తెలంగాణ సరిహద్దులో ఉన్న మరైగూడ ఆమెది. భర్త మా దగ్గరే డంపర్ డ్రైవరు. మలేరియాతో పోతే, ఆమెకు ఈ ఉద్యోగం ఇచ్చారు. ఇంట్లో తెలుగు, సంతలో గోండీ, మేనేజరుతో హిందీ మాట్లాడేది. పొద్దున్నే నా గదిలోకి తొంగిచూసి, "ఇయ్యాల మీ దగ్గర ఏ నెల సార్?" అని అడిగేది. ఆగస్టే అనేవాణ్ణి. "అయితే ఇంకా వానలే" అంటూ పోయేది.

ఆమె కూతురికి జగదల్‌పూర్‌లో నర్సింగ్ సీటు వచ్చింది. తల్లి ఉద్యోగంలో ఉన్నట్టు ఆఫీసు పత్రం శనివారం మధ్యాహ్నంలోగా ఇవ్వకపోతే సీటు వేరేవాళ్ళకి పోతుంది. ఆ వారం గుమాస్తా సెలవులో ఉన్నాడు. పత్రం నేనే అచ్చేశాను. మేనేజరు చదవకుండా సంతకం పెట్టాడు. తేదీ సంగతి ఇద్దరికీ గుర్తు రాలేదు.

గురువారం గీదం మీదుగా బస్సులో జగదల్‌పూర్ వెళ్ళిన మనిషి శుక్రవారం పొద్దున్నే నా బల్ల ముందు నిలబడింది.

"తీసుకోలే సార్. నేను నౌకరీల చేరకముందే ఈ కాయితం ఎట్లొచ్చిందని అడుగుతున్నరు. దిద్దింది గూడ నడవదంట. రేపు మధ్యాహ్నం దాటితే బిడ్డ పేరు కొట్టేస్తరంట."

ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. ఉద్యోగం రాకముందే ఉద్యోగపత్రం ఇచ్చిన ఘనుణ్ణి నేను. కంప్యూటర్‌లో అసలు తేదీ పెట్టాను. గడువు ముగిసిందని చెప్పి సాఫ్ట్‌వేర్ మూసుకుపోయింది. స్టోర్సుకి పరిగెత్తాను, మేడ మీదికి పరిగెత్తాను. ఆ రోజు తేదీతో ఒక్క ఉత్తరం అచ్చేయగల కంప్యూటర్ మా ఆఫీసు మొత్తంలో లేదు. ఆమె నా వెనకే గది గదికీ తిరుగుతుంటే తలెత్తి చూడలేకపోయాను.

చివరికి డిస్పాచ్ గదిలో గుడ్డ కప్పిన పాత టైపు మిషను కనిపించింది. రెండు వేళ్ళతో కొట్టాను. మూడు కాగితాలు పాడయ్యాక నాలుగోది కుదిరింది. మేనేజరు ఈసారి రెండుసార్లు చదివి సంతకం పెట్టాడు. ఆమె పరుగున వెళ్ళి బస్సెక్కింది.

శనివారం నేను ప్రతి కంప్యూటర్‌లోనూ అసలు తేదీ పెట్టేశాను. సోమవారం ఆఫీసంతా ఆగిపోయింది. మేనేజరు కేకలేస్తుంటే వింటూ నిలబడ్డాను. లైసెన్సులు వచ్చేదాకా మిషను మీదే కొడతానని చెప్పి బయటికొచ్చాను.

గది దగ్గర ఆమె నిలబడి ఉంది. సీటు దక్కిందని చెప్పింది. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆమె వెనక్కి తెచ్చిన ఆ తప్పు పత్రం సొరుగులోంచి తీసి చింపబోతే, ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"అది నాకియ్యరాదా సార్?"

"ఇదెక్కడా చెల్లదక్కా. కిందటేడాది తేదీ."

"ఎర్కే." ఆమెకు ఇంగ్లీషు రాదు కానీ అంకెలు చదవగలదు. తేదీ మీద వేలు పెట్టింది. "ఆగస్టు పదకొండు. ఆ నాటికి మా ఆయనకు జరం గూడ రాలే సార్."

ఇన్నాళ్ళూ ఆమెతో రోజూ ఆగస్టే అని నవ్వుతూ చెప్పాను. పత్రం నలగకుండా కవరులో పెట్టి ఇచ్చాను. తర్వాత రికార్డు పుస్తకం తెరిచి, తప్పు పత్రం చింపివేయడమైనదని రాసి, ఆ రోజు తేదీ వేసి సంతకం పెట్టాను.