వానకు పోయే బండి

మృగశిర కార్తె వస్తుంది, పోతుంది. మా అనంతపురం వైపు దుమ్ము తప్ప ఏమీ రాలదు. మబ్బు పడమట నుంచి వచ్చి, బుక్కరాయసముద్రం మీదుగా పలకరించకుండా వెళ్ళిపోతుంది. కొందరు చుట్టాలు అట్లాగే ఉంటారు. వాకిలి ముందు నుంచే పోతారు, లోపలికి రారు. అందుకని పెళ్ళయిన కొత్తలోనే నేనూ నా భార్యా ఒక అలవాటు చేసుకున్నాం. వాన మా దగ్గరికి రాకపోతే మేమే దాని దగ్గరికి పోతాం. కళ్యాణదుర్గం, రాయదుర్గం, ఆపైన చిత్రదుర్గం, శివమొగ్గ దాటి ఆగుంబె ఘాట్ దాకా మోటార్‌సైకిల్ మీద. అక్కడ పగలంతా తడిసి, ముడుచుకుపోయిన వేళ్ళతో కాఫీ గ్లాసు పట్టుకుని కూర్చుని, మళ్ళీ మా ఎండలోకి తిరిగి వస్తాం. వాన చూడటానికి రాష్ట్రం దాటి పోతామని నేనెవరికీ చెప్పుకోలేదు. దేవుడి పని మీద పోతున్నారని మా ఊళ్ళో వాళ్ళు అనుకుంటారు. అనుకోనిచ్చాను.

బండి మా నాయన కొన్నది. మా ఇంటికి అంగడి నుంచి కొత్తగా వచ్చిన ఆఖరి వస్తువు అదే. ఆ తర్వాత వస్తువులు మా గడప దాటి బయటికి పోవడమే గాని లోపలికి వచ్చింది లేదు. గుమ్మఘట్ట పక్కన మా సొంత ఊళ్ళో, దాని చప్పుడు వినగానే చావడి అరుగు మీది వాళ్ళు ఇప్పటికీ లేచి నిలబడతారు. అందరూ కాదు, ముసలివాళ్ళు. వాళ్ళు లేచేది నాకు కాదని, మా తాత పేరుకని నాకు తెలుసు. అయినా ఆ చప్పుడు నా కింద ఉన్నంతసేపు నా వీపు నిటారుగానే ఉంటుంది.

నిరుడు తిరుగు ప్రయాణంలో చిత్రదుర్గం దగ్గర నా భార్య బండి దిగి మైలురాయి పట్టుకుని నిలబడిపోయింది. మళ్ళీ ఎక్కలేకపోయింది. బస్సులో వెనక సీటు మీద ఆమెను పడుకోబెట్టి, నేను ఆ బస్సు వెంటే బండి నడుపుకుంటూ వచ్చాను. పొగ మింగుతూ, బస్సు వెనక అద్దంలో ఆమె తల కనిపిస్తుందేమోనని చూస్తూనే ఉన్నాను. పడుకున్న మనిషి తల ఎట్లా కనిపిస్తుంది?

నడుములో పూస అరిగిందని అనంతపురంలో డాక్టరు చెప్పాడు. కుదుపులు పడకూడదన్నాడు. నడుము మెలితిప్పి ఎక్కువసేపు కూర్చోకూడదని కూడా అన్నాడు. నేను మొదటి మాట పట్టుకున్నాను. కుదుపంటే బండి. బండిని మార్చవచ్చు.

అప్పటి నుంచి దూరప్రయాణాలకని ఇప్పుడు వస్తున్న కొత్త బండ్ల గురించి ఎక్కడ దొరికితే అక్కడ చదివాను. ముందు గాలిని ఆపే అద్దం, గతుకుల్ని మింగేసే సస్పెన్షన్, వెనక కూర్చునేవారికి మెత్తటి సీటు, రెండు పక్కలా సామాను పెట్టెలు. అన్నీ బాగున్నాయి. ఒక్క ఆ చప్పుడే లేదు. కుక్కపిల్ల గుర్రుమన్నట్టు ఉంటుంది. షోరూమ్ దాకా రెండు మూడుసార్లు పోయి, లోపలికి అడుగు పెట్టకుండానే తిరిగి వచ్చాను.

ఈ సంగతి మా చిన్నాయన కొడుకు చెవిన ఎట్లా పడిందో తెలియదు. మా ఊళ్ళో ఉండేది ఇప్పుడు అతనే. ఫోన్ చేసి క్షేమం అడిగాడు, ఎండల సంగతి అడిగాడు, చివరికి విషయానికి వచ్చాడు.

"పాత బండి ఇచ్చేస్తాండావంట గదన్నా. ఇచ్చేదుంటే నాకియ్యి. మన ఇంటి వస్తువు బయటోళ్ళ పాలెందుకు కావాల?"

మా వసారా స్తంభాలు కూడా ఇదే మాట మీద అతని ఇంటికి పోయాయి. అతని దగ్గర ఆ బండి ఏ పనికి వాడతారో నాకు తెలుసు. పచ్చగడ్డి మోపులు మోయడానికి. ఇంకా ఏమీ అనుకోలేదని చెప్పి పెట్టేశాను. ఆ తర్వాత షోరూమ్ ఉన్న రోడ్డు మీదికే పోలేదు.

మే నెలాఖర్లో ఒక ఉదయం నా భార్య చింతపండు గింజలు తీస్తూ, తలెత్తకుండానే చెప్పింది. "ఈ ఏడు వానకు మీరు పోయిరాండి. నేను ఈడే ఉంటా."

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే జవాబు చెప్పి ఉండేవాణ్ణి. నేనొక్కణ్ణే ఆగుంబెలో తడుస్తూ నిలబడటం ఊహించుకుని చూశాను. ఆ వాన నాకు అక్కరలేదనిపించింది. మర్నాడే ఆటో పిలిచి ఇద్దరం షోరూమ్‌కు పోయాం.

బయలుదేరేటప్పుడు ఆమె చుడీదార్ వేసుకుని వచ్చింది. ఆస్పత్రికి పోయే రోజు తప్ప ఆమె అది వేసుకోదు. నడుముకు బెల్టు పెట్టుకుంది కాబోలు అనుకున్నాను.

నడిపి చూడటానికి తెచ్చిన బండికి రెండు పక్కలా పెట్టెలు బిగించి ఉన్నాయి. అక్కడ పనిచేసే కుర్రాడు నాతో మెల్లగా, ఈ బండి మీద మేడం ఒక పక్కకు కూర్చోవడం కుదరదని చెప్పాడు.

మా ఇంటి ఆడవాళ్ళు బండి మీద ఒక పక్కకే కూర్చుంటారు. కాళ్ళు రెండూ ఎడమకు, కొంగు తలమీద. అట్లా కూర్చోవాలని ఎవరూ శాసనం చేయలేదు. ఒకప్పుడు మా వాళ్ళు తెర కట్టిన ఎద్దులబండిలో పోయేవాళ్ళు. ఎద్దులు పోయాయి, బండి పోయింది, తెర పోయింది. ఈ కూర్చోవడం ఒకటి మిగిలింది. మా అమ్మ నాయన వెనక అట్లాగే కూర్చునేది. నా భార్య ఆగుంబె దాకా పోయి రావడం కూడా అట్లాగే. మా వీధి ఆడపిల్లలు స్కూటర్ల మీద ఎట్లా పోయినా నేను తప్పు పట్టను. మా ఇంటి సంగతి వేరు.

ఆమె నా భుజం మీద చెయ్యి వేసి, కాలు ఆ పక్కకు వేసి కూర్చుంది. కుర్రాడు ఏదో పని ఉన్నట్టు పక్కకు చూశాడు. నేను ముందుకు చూశాను.

బుక్కరాయసముద్రం చెరువు కట్ట దాకా పోయాం. దారిలో స్పీడ్ బ్రేకర్లు వచ్చినట్టే తెలియలేదు. తెలిసిందల్లా నా రెండు పక్కలా ఆమె మోకాళ్ళు ఉండటం. ఇన్నేళ్ళ ప్రయాణంలో అది కొత్త. కట్ట మీద ఆపి, నొప్పిగా ఉందా అని అడిగాను. లేదంది. నీళ్ళకేసి చూస్తూ, నవ్వుతూనే చెప్పింది.

"ఇన్నేండ్లు పోతిమి గదా, ముందర ఏముండాదో నేను ఒక్కసారీ చూడలే. పోయేటప్పుడు ఒక పక్క చూస్తి, వచ్చేటప్పుడు ఇంకో పక్క. నిరుడు బస్సులో పండుకొని వస్తి, ఆ పక్క అట్లే మిగిలిపాయ. వాన మీకు మొహానికి కొడితే నాకు చెవికి కొట్టేది."

"ముందే చెప్పొచ్చు గదా," అన్నాను.

"ఎవరికి చెప్పాల? మీ వీపుకా?"

నేను అడగదలచుకున్నది వేరే ఉంది. ఏటా వానకు పోయేటప్పుడు మా ఊళ్ళో ఇలవేల్పు గుడి దగ్గర ఆగి, చక్రం కింద నిమ్మకాయలు పెట్టి పోతాం. గుడికి పోవాలంటే ఊరి నడిమి వీధి ఒక్కటే దారి. ఊళ్ళోకి ఎట్లా అని అడిగాను.

"ఊళ్ళోకి గూడ ఇట్లే," అంది.

ఊరి మొదట్లో దిగి నడిచి వస్తే ఎట్లా ఉంటుందన్నాను. ఆ మాట అంటున్నప్పుడే నాకు నచ్చలేదు.

"నడిచొస్తే ఇంకో కథ కడతారు. బండన్నా చెడింది, మొగుడూ పెండ్లాలకన్నా చెడింది అంటారు. అదేమన్నా మేలా?"

షోరూమ్‌కు తిరిగి వచ్చాక కుర్రాడు కాగితాలు ముందు పెట్టి ఒక సంగతి అడిగాడు. కావాలంటే ఎడమ పక్క పెట్టె తీసేసి, చీర చక్రంలో పడకుండా సారీ గార్డు, కాళ్ళు పెట్టుకోవడానికి పొడుగు పలక బిగిస్తారట. అప్పుడు ఒక పక్కకే కూర్చోవచ్చు. దూరాలకు మంచిది కాదు గాని, ఈ పక్క పెద్దిళ్ళ వాళ్ళు అట్లా అడుగుతారని అన్నాడు. పెద్దిళ్ళు అన్న మాట విని చాలా కాలమైంది. అది నన్ను ఉద్దేశించి అన్నందుకు, నిజం చెప్పాలంటే, సంతోషమే వేసింది.

నా భార్య కుర్చీలో కూర్చుని నీళ్ళు తాగుతోంది. నా వైపు చూడలేదు. నేను గార్డు వేయమంటే ఆమె కాదనదు. అట్లాగే కూర్చుంటుంది, గుడికీ పెళ్ళిళ్ళకూ వస్తుంది. వానకు మాత్రం రాదు.

"పెట్టె వేయండి," అన్నాను. గొంతు కొంచెం గట్టిగానే వచ్చింది. పక్క టేబుల్ దగ్గరి వాళ్ళు తిరిగి చూశారు.

పాత బండి మారకం కిందికి ఇస్తారా అని కుర్రాడు అడిగాడు. ఇవ్వనన్నాను. దాన్ని ఏం చేస్తానో ఇప్పటికీ తేల్చుకోలేదు.

పని అయింది గాని మనసు తేలిక పడలేదు. ఇంటికి పోయే ఆటోలో కూర్చుని ఊరి వీధినే తలుచుకుంటున్నాను. చావడి అరుగు మీద ఆ ముసలివాళ్ళు ఈ చప్పుడు లేని బండిని చూసి లేస్తారా? లేచి, వెనక సీటు మీద ఈమెను చూసి ఏమనుకుంటారు? అప్పుడు నా మొహం ఎట్లా పెట్టుకోవాలి? నా మొహం చూసి ఆమెకు అర్థమైనట్టుంది.

"మీరు రోడ్డు చూసి నడపండి, చాలు. ఊరోళ్ళను నేను చూసుకుంటా," అంది.

ఆటో గతుకులో పడింది. ఆమె పెదవి బిగబట్టి నడుము పట్టుకుంది. మెల్లగా పోనిమ్మని ఆటో అతనికి చెప్పాను. ఊరి మాట మళ్ళీ ఎత్తలేదు.