ఆలస్యంగా చేరిన కోట

కంపెనీ బస్సు సోమందేపల్లి దాటుతుండగా వెనక సీట్లో ఎవరిదో ఫోన్లోంచి నగారా మోత వినిపించింది. ఆ వెంటనే గుర్రాల డెక్కల చప్పుడు. నిద్రలో ఉన్నవాళ్ళు విసుక్కున్నారు. నేను మాత్రం కిటికీ వైపు తిరిగి నవ్వుకున్నాను. ఫోన్లో ఆడే ఒక యుద్ధాల ఆటలో పోరు మొదలయ్యే ముందు వచ్చే మోత అది. అది వినబడితే నాకు యుద్ధం గుర్తుకు రాదు. పెనుకొండలో ఒక మిద్దె ఇల్లు, మోకాళ్ళకు రాసుకున్న తైలం వాసన, కళ్ళద్దాలు ముక్కు కొసకు జారిపోయినా పట్టించుకోకుండా ఫోను మీదికి వంగిపోయిన ఒక పెద్దావిడ గుర్తుకొస్తారు. ఆవిడ పేరు రుక్మిణమ్మ. ఊళ్ళో అందరికీ రుక్మిణి టీచర్.

ధర్మవరంలో నేతపని చేసే ఇంట్లో పుట్టి, పెనుకొండ బడిలో సోషల్ టీచరుగా చేరి, అక్కడే రిటైరయ్యారు. భర్త పోయాక మేడ మీది గదిని పనికి పోయే ఆడపిల్లలకు బాడుగకిచ్చారు. అందులో ముగ్గురం ఉండేవాళ్ళం. నాది సోమందేపల్లి పక్క పల్లె, రేష్మాది హిందూపురం, శిల్పది మడకశిర. ముగ్గురమూ ఎర్రమంచి దగ్గర కార్ల సీటు కవర్లు కుట్టే కంపెనీలో ఒకే లైన్లో పనిచేసేవాళ్ళం. రేష్మా ఒక మాటకు నాలుగు మాటలు చెప్పే రకం, శిల్ప కోపం వస్తే కన్నడంలోకి పోయే రకం. నేనేమో నోట్లో నాలుక లేని పిల్లనని మా ఇంట్లోనే పేరు తెచ్చుకున్నదాన్ని.

మొదట్లో టీచరుకు ఆ ఆటంటే గిట్టేది కాదు. ఆదివారం మధ్యాహ్నం మేం మెట్ల మీద కూర్చుని ఆడుకుంటుంటే, ఎవర్ని చంపుతున్నారమ్మా, అన్నాలు తిన్నారా అని కింది నుంచి కేకేసేవారు. ఆట చేసినవాళ్ళు రెండు వారాలకొకసారి చరిత్రలోని ఏదో ఒక పాత యుద్ధాన్ని పందెంగా పెట్టేవాళ్ళు. ఒకసారి కోట ముట్టడి వచ్చింది. మేం లోపలుండి కోటను కాపాడాలి. కోట అన్న మాట చెవిన పడిందో లేదో, టీచర్ మోకాళ్ళ నొప్పి కూడా మరిచిపోయి మెట్లెక్కి వచ్చారు. ఫోను చేతికి తీసుకుని అడిగిన మొదటి మాట నాకిప్పటికీ గుర్తుంది.

"ఈ కోటకు నీళ్ళు యాడ ఉండాయి?"

వెతికితే నడిమధ్యలో ఒక బావి కనబడింది. వాకిలి పోతే ఇంకో వాకిట్లో నిలబడొచ్చు, బావి పోతే కోట పోయినట్లేనని టీచర్ తేల్చేశారు. ఎండాకాలం ట్యాంకరు వెంట బిందెలు పట్టుకుని పరుగెత్తిన పిల్లలం, మాకు అందులో తప్పేమీ కనిపించలేదు. వాకిలి వదిలేసి ముగ్గురమూ కత్తులు దూసి బావి చుట్టూ నిలబడ్డాం. శత్రువులు తీరుబడిగా లోపలికి నడిచొచ్చి, మా పక్కనుంచే పోయి, జెండా పీక్కుని పోయారు. బావి వైపు ఒక్కడూ తిరిగి చూడలేదు. తర్వాత తెలిసింది, అది ఉత్త బొమ్మ బావి అని, ఆ ఆటలో ఎవరికీ దప్పికే వేయదని. దప్పిక లేని యుద్ధం ఏం యుద్ధమని టీచర్ రెండు రోజులు రుసరుసలాడారు. ఆట చేసినవాళ్ళకే లేని బాధ మనకెందుకు, కందకు లేని దురద కత్తిపీటకెందుకని రేష్మా ఆటపట్టించింది. మరుసటి ఆదివారం టీచర్ తన ఫోను మా ముందు పెట్టి, అందులోనూ ఆట వేసిమ్మన్నారు. మాకు బుద్ధి చెప్పేవాళ్ళు ఒకరుండాలట.

అట్లా మా దండు నలుగురిదయింది. నిజం చెప్పాలంటే టీచర్ ఆట చాలా అధ్వానం. వేళ్ళు పట్టేసేవి, గుర్రాన్ని ముందుకు పొమ్మంటే అది గిరగిరా తిరిగేది. పైగా ప్రతి యుద్ధానికీ ముందు పాఠం చెప్పేవారు. ఎవరు ఎవరి మీదికి ఎందుకొచ్చారు, పంట చేతికొచ్చే కాలమా కాదా, సిపాయిలకు తిండి ఎవరు వండారు, అన్నీ చెప్పాల్సిందే. పాఠం పూర్తయ్యేలోపు మాలో ఇద్దరు చచ్చిపోయి ఉండేవాళ్ళం. అయినా ఆ ఆదివారాలంత హాయిగా నేను ఎక్కడా నవ్వలేదు. మా ఇంట్లో నన్ను ప్రేమగా చూసేవాళ్ళు, కానీ నా మాట కోసం ఆగినవాళ్ళు లేరు. టీచర్ ఆగేవారు. నువ్వేమంటావమ్మా అని అడిగి, నేను నోరు తెరిచేదాకా నా మొహమే చూస్తూ కూర్చునేవారు.

ఆ రోజుల్లోనే మా సూపర్‌వైజరు నన్ను లైన్ లీడరుగా ఉండమని అడిగారు. నెలాఖరులోగా చెప్పాలి, ఈసారి వద్దంటే మళ్ళీ అడగరు. నాకు సంతోషం కంటే భయమే ఎక్కువయింది. ఆ లైన్లో నాకు మిషను తొక్కడం నేర్పిన అక్కలున్నారు, వాళ్ళకు నేనేం చెప్పగలను? చెప్పినా ఎవరు వింటారు? ఎవరితోనూ అనకుండా లోలోపలే కుమిలిపోయాను. సూపర్‌వైజరు అడిగినప్పుడు పక్క మిషను మీదే ఉన్న రేష్మా ఊరుకుంటుందా, టీచర్ చెవిన వేసింది. ఆవిడ ఆ వారం యుద్ధానికి నన్ను నాయకురాలిని చేశారు.

ఆ వారం తళ్ళికోట యుద్ధం. అందులో ఓడిన సైన్యం వైపు మేం ఆడాలి. యుద్ధం అప్పటికే ముగిసిపోయింది, రాజు పోయాడు. మిగిలినవాళ్ళు ఏరు దాటి, అడవి దాటి, తరుముతున్న గుర్రాలకు చిక్కకుండా, పొద్దు వాలేలోపు కొండ మీది కోటకు చేరాలి. ఆ కోట మా పెనుకొండే అన్నారు టీచర్. రాజు కుటుంబం ఆ తర్వాత రాజధాని చేసుకున్నది ఈ ఊరినే కదా. నాకు వచ్చిన నాయకత్వమంతా, పరుగెత్తండి అని అరవడమే. నేను పరుగెత్తాను. కోట వాకిట్లో నిలబడి, చేరిపోయానని చెయ్యెత్తి కేక వేశాను. టీచర్ గుర్రం ఏటి దగ్గరే పడిపోయింది. ఆవిడ కోసం వెనక్కి పోయిన శిల్ప కూడా పోయింది. అడవిలో రేష్మా పోయింది. టీచర్ కళ్ళద్దాలు పైకి తోసుకుని నా వైపు చూశారు.

"నువ్వొచ్చినావు, సరే పాపా. ఎవుర్ని తోడుకొచ్చినావు?"

ఆవిడ కోప్పడి ఉంటే బాగుండేది. మామూలుగానే అడిగారు. ఆ రోజు నాకు అన్నం సయించలేదు.

మరుసటి ఆదివారమే ఆ పందానికి ఆఖరు. హిందూపురంలో తన తమ్ముడున్నాడని, మెరుపులా ఆడతాడని, ఈ ఒక్కసారికి టీచరు బదులు వాణ్ణి పెట్టుకుందామని రేష్మా మెల్లగా అంది. టీచరుకు వినబడింది. ఆవిడ చిన్నబుచ్చుకోలేదు. నిజమేనమ్మా, నేను పక్కన కూర్చుని చూస్తానులే అన్నారు. తర్వాత ముగ్గురూ నా వైపు తిరిగారు. నాయకురాలిని కదా, నేనే చెప్పాలి. మా నాయన గొర్రెలు తోలుకొచ్చేటప్పుడు ఎప్పుడూ మంద వెనకే నడిచేవాడు. ఎందుకో ఆ నడక కళ్ళముందు కదిలింది.

"టీచర్ ఉంటాది. ముందర టీచరే పోతాది. ఆమె ఎంత బిరీన పోతే మనమూ అంతే. నేను ఆఖర్న వస్తా."

రేష్మా మూతి ముడుచుకుంది కానీ ఫోను తీసి టీచర్ పక్కకు జరిగి కూర్చుంది. శిల్ప "ఆయ్తు" అని తలూపింది. విన్నారు. నేను చెప్తే విన్నారు!

ఆ ప్రయాణం ఎంతసేపు సాగిందో! టీచర్ గుర్రం గిరగిరా తిరిగినప్పుడల్లా ఆగాం. శత్రువులు వస్తే పొదల్లో నక్కాం. నక్కిన చోట కూడా ఆవిడ పాఠం చెప్పారు. అడవి దాటేసరికి ఆటలో పొద్దు వాలింది, ఓడిపోయారని తెర మీద ఎర్రటి అక్షరాలు పడ్డాయి. కానీ ఆ ఆట, మనంతట మనం బయటికి వస్తే తప్ప తోసెయ్యదు. నడవండి అన్నాను. నలుగురమూ ఆ చీకట్లో కొండెక్కి కోట వాకిట్లో నిలబడ్డాం. జెండా లేదు, బహుమతి లేదు, ఎదురొచ్చేవాళ్ళు లేరు. ఆలస్యమైపోయిందే టీచర్ అన్నాను. ఆవిడ ఫోను ఒళ్ళో పెట్టుకుని, మేడ మీది నుంచి కనబడే అసలు కొండ వైపు చూశారు.

"ఓడినోళ్ళు టైముకు యాడొస్తారు పాపా? అప్పుడూ ఆలస్యంగానే వచ్చింటారు, ముసిలోళ్ళను, దెబ్బలు తగిలినోళ్ళను పట్టుకోని. అట్ల వచ్చినోళ్ళతోనే ఈ ఊరు నిలబడింది."

సోమవారం పనికి పోగానే సూపర్‌వైజరుతో లీడరుగా ఉంటానని చెప్పాను.

టీచర్ పోయి రెండేళ్ళవుతోంది. నిద్రలోనే పోయారు, ఎవరికీ కష్టం పెట్టలేదు. రేష్మా పెళ్ళి చేసుకుని హిందూపురంలో దుకాణం చూసుకుంటోంది, శిల్ప మడకశిరలో ఉంది. నేను అదే లైన్లో ఉన్నాను. పెద్ద అక్కలతో మాట్లాడటం నేననుకున్నంత కష్టమేమీ కాలేదు. అడిగితే చెప్తారు, చెప్తే వింటారు, అప్పుడప్పుడూ కసురుతారు. ఇప్పుడు నేను తృప్తిగానే ఉన్నాను. ఆవిడను తలుచుకుంటే ఏడుపు రాదు, నవ్వే వస్తుంది.

పోయిన నెల ఒక కొత్త అమ్మాయి వచ్చింది. చెయ్యి ఇంకా తిరగలేదు, కుట్టు వంకర పోతోంది. ఆ పిల్లను లైన్ మొదట్లో కూర్చోబెట్టి, పక్కన నేను నిలబడ్డాను. ఆ వారమంతా మా లైన్ కుట్టిన కవర్ల లెక్క తగ్గింది. శనివారం సూపర్‌వైజరు పిలిచి, ఆ పిల్లను వేరే పనికి పంపిద్దామా అని అడిగారు. ఆయన మంచివారే, లెక్క ఆయనకూ ఉంటుంది కదా.

"వద్దు సార్. ఆ పాప ఈడే ఉంటాది. కొంచెం ఆలస్యమైతాది, కానీ అందరమూ వస్తాము."

చెప్పాక తలెత్తి చూశాను. ఆయన వింటున్నారు.