బొట్టు అడగని చోటు

వాన వదలడం లేదు. ఇంట్లో తాళ్ల మీద వేలాడే బట్టలు ఆరవు. ఆఫీసు నుంచి అలసిపోయి వచ్చి ఆ చెమ్మ వాసన మధ్య కూలబడితే, బతు బస్తీలోని మా పాత రేకుల ఇల్లు గుర్తొస్తుంది.

అక్కడ శుక్రవారం అంటే నాయనమ్మ పెత్తనం. తలంటు స్నానం, పొయ్యి సెగకు ఆరబెట్టిన ఉతికిన బట్టలు, మడమల దాకా పావడా, ఒక్క వెంట్రుకైనా చెదరకుండా బిగించిన జడ, అందులో పెరటి మందారం, ఇవన్నీ అయ్యాకే గుడికి బయల్దేరేవాళ్లం. అమ్మ జరీ అంచు చీర కట్టి, ఇంత బొట్టు పెట్టుకునేది. నాయనమ్మ మాత్రం గుడి మెట్ల దగ్గరే ఆగిపోయేది. తాతయ్య పోయినప్పటి నుంచి ఆమె లోపలికి అడుగు పెట్టలేదని నాకు చాలాకాలం తెలియదు.

ఫీనిక్స్ బే రేవులో పడవల మీద పనిచేసే నాన్న ఒక వానాకాలం జ్వరంతో పోయాడు. కొన్ని నెలలకు, ఒక శుక్రవారం, అమ్మ వెలిసిన నేతచీర కట్టుకుని గుమ్మం దాటబోతే నాయనమ్మ అడ్డం నిలబడింది.

"ఈ మొకంతో గుడికెల్తే నలుగురూ ఏటనుకుంటారే?"

అమ్మ చెప్పులు విడిచి లోపలికి వచ్చేసింది.

పక్కింటి హర్జీత్ ఆంటీ అది విన్నట్టుంది. ఆదివారం పొద్దున్నే వచ్చి, "లక్ష్మీ, చల్ మేరే సాథ్. గురుద్వారాలో అందరి తలా కప్పే ఉంటుంది, బొట్టు ఎవరు చూస్తారు?" అంటూ చేతిలోని చున్నీ అమ్మ తల మీద కప్పింది. మేము కాళ్లు కడుక్కుని నేల మీద కూర్చున్నాం. అరచేతిలో పెట్టిన వెచ్చని నేతి హల్వా తినకుండా అమ్మ ఆ చున్నీ చాటున చాలాసేపు ఏడ్చింది. ఎవరూ ఎందుకని అడగలేదు.

అప్పటి నుంచి ప్రతి ఆదివారమూ వెళ్లేవాళ్లం. సణిగి సణిగి, చివరికి అక్కడ ఏం చేస్తున్నామో చూద్దామని నాయనమ్మా వచ్చింది. ఆంటీ ఆమె తల మీదా ఒక తెల్లగుడ్డ సర్దింది. బోసి నుదుళ్ల ఆడవాళ్ల పక్కన కూర్చుని, నాయనమ్మ రొట్టె, పప్పు తింది. తిరిగొస్తూ గుడి మెట్ల దగ్గర ఆగింది.

"పద, లోపలికెల్దాం."

"నాకు బొట్టు లేదత్తా."

"నాకు మాత్రం ఉందేటే?"

అమ్మ కొంగు తల మీదికి లాక్కుంటే, నాయనమ్మే దాన్ని భుజం మీదికి దించింది. హారతి పళ్లెం మా ముందు ఒక్క క్షణం ఆగి, తర్వాత దగ్గరికి వచ్చింది. నాయనమ్మ మంట మీద చేతులు చాచి కళ్లకద్దుకుంది.

ఇప్పుడు ఆ ఇద్దరూ లేరు. ఆంటీ వాళ్లు పంజాబ్ వెళ్లిపోయారు. నేనిప్పటికీ వెళ్లే గురుద్వారా గుమ్మం దగ్గర పెట్టె నిండా కాషాయ రుమాళ్లు ఉంటాయి. ఎవరికి వాళ్లు తీసుకుని తలకు కట్టుకుని, వెళ్లేటప్పుడు మళ్లీ అందులోనే వేస్తారు. మొన్న ఆదివారం ముడి జారిపోతుంటే నేనే మళ్లీ మళ్లీ కట్టుకున్నాను. పక్కన కూర్చున్నామె ఫోన్ చూసుకుంటోంది.