ఆళ్లగడ్డకు ఇంకా చేరని వార్త

గాలివానకు షాపు పోగొట్టుకున్నవాళ్లను చూసి ఉంటారు. అప్పుల్లో ముంచుకున్నవాళ్లనూ చూసి ఉంటారు. కూర్చున్న షాపును సొంత నోటితో ఊడగొట్టుకోబోయిన మనిషిని చూడాలంటే మాత్రం నంద్యాలకు, నా దగ్గరికే రావాలి.

కొన్నేళ్ల కిందటి సంగతి. అప్పటికి నా మీసంలో తెల్ల వెంట్రుక లేదు, తలలో బుద్ధీ లేదు. కాలిపోయిన బోరు మోటర్లకు మళ్లీ రాగి తీగ చుట్టే వైండింగ్ షాపు నాది. గది అద్దెది, ఓనరు ఓబులేసప్ప ఆళ్లగడ్డలో ఉంటాడు. మా మరదలు సుజాత హైదరాబాదులో కంప్యూటర్ల మీద పరిశోధన చేస్తుండేది. ఒక మాట ఒకరి నుంచి ఒకరికి ఎట్లా పాకుతుందో, ఎప్పటికి ఎవరి చెవిన పడుతుందో లెక్కగట్టే సాఫ్ట్‌వేర్ తయారుచేసింది. ఎంత పెద్ద ఊరైనా సరే, మనం ఆవులించి నోరు మూసేలోపు తేల్చేస్తుందట.

"బావా, నిజమైన మనుషుల మీద పరీక్షించాల. మీ బజారులో ఎవరు ఎవరితో సంగతులు చెప్పుకుంటారో అడిగి పంపు. అంతకు మించి ఏమీ చెయ్యొద్దు," అంది.

ఆ చివరి మాట నాకు వినపడలేదనుకోకండి. వినపడింది. నాకే చెప్పొచ్చిందా అనుకున్నాను.

మొదట టీ బంకు మస్తానన్నను పట్టుకున్నాను.

"అన్నా, నీకొక సంగతి తెలిస్తే ఎవరికి చెప్తావ్?"

"ఏందీ సంగతి?"

"ఏదో ఒకటి."

"ఏదో ఒకటి ఎవరికి చెప్తారప్పా? సంగతిని బట్టి కదా మనిషి."

న్యాయమే.

"సరే, ఉదాహరణకు నేను షాపు ఎత్తేసి బెంగళూరు పోతాండా అనుకో."

మస్తానన్న గ్లాసు కింద పెట్టి నన్ను కిందికీ పైకీ చూశాడు. "బస్టాండు రమణకు చెప్తా," అన్నాడు మెల్లగా.

చూశారా, ఉదాహరణ పడేసరికి జవాబు కొత్త బోరులో నీళ్లలాగా ఎగజిమ్మింది. ఇక బజారంతా అదే ఉదాహరణ పట్టుకొని తిరిగాను. కొందరు నా భుజం తట్టారు. ఒకాయన కళ్లు తుడుచుకున్నాడు. పరిశోధనంటే మనోళ్లకు ఇంత గౌరవమా అని మురిసిపోయాను.

వివరాలు సుజాతకు పంపి షాపుకొచ్చేసరికి వాకిట్లో రైతులు నిలబడి ఉన్నారు.

"నా మోటరు ఇచ్చెయ్ నాయనా."

"ఇంకా విప్పనే లేదు కదప్పా."

"మంచిదాయె. పోయేవానివి యాడ చుడతావులే."

"నేను యాడికి పోతాండా?"

"మమ్మల్నే అడుగుతాండావా?"

ఇంతలో ఒకమ్మ వచ్చి ఊరగాయ జాడీ నా చేతిలో పెట్టింది. "బెంగళూరులో మావోనికి ఇయ్యి నాయనా. వంచొద్దు, నూనె కారుతాది."

జాడీ చేతిలో ఉండగానే నా భార్య పద్మ ఫోను చేసింది.

"మనం బెంగళూరు పోతాండామంట?"

"ఎవరు చెప్పినారు?"

"ఆళ్లగడ్డ నుంచి మా అమ్మ. నన్ను తీసుకొని పోతాండావా, విడిచిపెట్టి పోతాండావా?"

ఇంతమంది చెప్తుంటే నాకూ అనుమానం వచ్చింది. "ఏమో పద్మా. పోతాండామా?"

ఫోను పెట్టేసింది.

అప్పుడు దిగాడు ఓబులేసప్ప, వెంట కొలత టేపుతో ఇంకొకాయన. "ఈయన కర్రీ పాయింట్ పెడతాడంట. రేపే దిగుతాడు, నీ సామాన్లు తీసెయ్," అన్నాడు. టేపు ఆయన అప్పటికే నా వైండింగ్ మిషను మీద సాంబారు గిన్నె ఎక్కడ పెట్టాలో చూసుకుంటున్నాడు.

"నేను యాడికీ పోనప్పా. ఊరికే ఉదాహరణకు అన్నా."

"ఒకడు చెప్తే ఉదాహరణ. బజారంతా చెప్తే నిజమే కదా."

సరిగ్గా అప్పుడే సుజాత పంపిన లెక్క ఫోనులో వచ్చింది. టీ బంకులో మొదలైన మాట ఓబులేసప్ప చెవిన పడేది శుక్రవారమట. ఆ మాటను నేనే నెత్తిన పెట్టుకొని అంగడి అంగడికీ పంచానని పాపం కంప్యూటరుకేం తెలుసు. మునిగేవాడిలాగా ఆ లెక్కనే పట్టుకున్నాను.

"చూడప్పా, కంప్యూటరు చెప్తాంది. శుక్రవారం దాకా ఈ మాట ఆళ్లగడ్డకు చేరదు. నీకింకా తెలీదు."

ఓబులేసప్ప ఫోను తీసుకొని చానాసేపు చూశాడు. తర్వాత టేపు ఆయన వైపు తిరిగాడు.

"నాకింకా తెలీదంటప్పా. నడువు, శుక్రవారం వద్దాం."

ఆ మధ్యలో బజారంతా మళ్లీ తిరిగి, నేను పోవడం లేదని కనపడిన ప్రతివాడికీ చెప్పాను. ఒక్కడూ ఇంకొకడికి చెప్పలేదు. శుక్రవారం ఓబులేసప్ప ఒక్కడే వచ్చి నా స్టూలు మీద కూర్చున్నాడు.

"ఇప్పుడే తెలిసింది నాయనా, నువ్వు పోతాండావని. అబద్ధమని ముందే నువ్వు చెప్పినావు కదా," అన్నాడు.

కాబట్టి పాఠకులారా, మీ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. బతికినన్నాళ్లూ ఈ బజారులో నిజం తప్ప ఇంకొకటి పలకను. అదైతే మా వీధి మలుపు కూడా దాటదు.