దీవిలో తాత ఒక్కడే

హారియట్ చేతులకి ఎప్పుడూ బాతు కొవ్వు వాసనే. ఉత్తరాది మంచు అఖాతం ఒడ్డున పుట్టిన క్రీ తెగ ఆడకూతురికి అదేం వింత కాదులెండి. తండ్రి జెబిడీ కొట్టి తెచ్చిన అడవి బాతుల ఈకలు పీకడం, తాడుకు వేలాడదీసి నిప్పు సెగకి కాల్చడం, ఎముకలు కుక్కల నోట పడకుండా ఏరి చెట్టుకు కట్టడం, ఊహ తెలిసినప్పటి నుంచీ ఆమె బతుకు ఇదే. మొగుడు పోయాక బడి వంటశాలలో ఉద్యోగం ఇస్తామన్నారు. "బాతులొచ్చే రోజుల్లో సెలవిస్తారా?" అని అడిగింది. కుదరదన్నారు. "అయితే మీ గరిట మీరే తిప్పుకోండి" అని వచ్చేసింది.

ఆ నదీముఖంలో బాతువేటకి జెబిడీయే పెద్ద. గాలి లేని రోజున తుపాకీ ఎత్తనిచ్చేవాడు కాదు. చప్పుడు దూరం పోతే బాతులు బెదిరి ఆ తీరమే మానేస్తాయని ఆయన భయం. పొద్దు గూకాక పేల్చకూడదు. ఒక మడుగులో వేటాడితే దాన్ని కొన్నాళ్ళు వదిలేయాలి. వీటన్నిటికన్నా పాత కట్టడి ఇంకోటుంది. చలికాలమంతా గుహలో ముడుచుకుని పడుకుని, వసంతంలో ఆకలితో లేచే ఆ నల్లబొచ్చు పెద్దమనిషి ఉన్నాడే, ఆయన్ని పేరు పెట్టి పిలవకూడదు. ఎంత దూరాన ఉన్నా వింటాడు, నొచ్చుకుంటాడు. తాత అనాలి. చిన్నప్పుడు హారియట్ ఒకసారి నోరు జారితే జెబిడీ మూతి మీద ఒక్కటిచ్చాడు. నేను కూడా ఆ పేరు ఎత్తను.

ఆ ఏడు వాళ్ళ విడిదికి ఎదురుగా, నది మధ్య దీవిలో అలాంటి ముసలి తాత ఒకడు నిద్ర లేచాడు. మరి ఇంట్లోనూ తాత ఉన్నాడాయె. పిల్లలు పుట్టాక హారియట్ కూడా నాన్న అనడం మానేసి, పిల్లలతోపాటు తాత అనే పిలిచేది. ఏ ఇంట్లోనైనా అంతేగా. అందుకే ఆ వసంతమంతా ఒకటే వేళాకోళం. "తాత గురక పెడుతున్నాడు" అంటే చాలు, "ఏ తాత? రెండు కాళ్ళ తాతా, నాలుగు కాళ్ళ తాతా?" అని పగలబడి నవ్వేవాళ్ళు.

హారియట్ అన్న కొడుకు సింక్లెయిర్ వన్యప్రాణుల కాపలా ఉద్యోగి. ఒకరోజు వచ్చి నసుగుతూ చెప్పాడు.

"తాతకి సూదిమందు కొట్టి, నిద్రపుచ్చి, హెలికాప్టర్‌లో అవతలి అడవికి చేర్చాలంటున్నారు మా పైవాళ్ళు."

"ముందు నీ పైవాళ్ళకి పొడవరా ఆ సూది," అన్నాడు జెబిడీ. "ఆయన ఇల్లు అది. ఆయన జోలికి పోనని, బెదరగొట్టనని నాకు మాటియ్యి."

సింక్లెయిర్ మాటిచ్చాడు. పైవాళ్ళతో పోట్లాడి మరీ నిలబెట్టుకున్నాడు.

వేట ముగిసే రోజుల్లో, బాతుల కోసం కొమ్మలతో కట్టుకున్న మాటు విప్పుకొస్తానని జెబిడీ ఒక ఉదయం పడవేసుకుని దీవికి వెళ్ళాడు. ఎగువన పేరుకున్న మంచుగడ్డలు ఎవరూ అనుకోనంత తొందరగా విరిగిపడ్డాయి. నది ఉబ్బింది. ఆయన దీవి ఒడ్డున కట్టుకున్న పడవ ఖాళీగా కొట్టుకుపోవడం హారియట్ గట్టు మీద నుంచి చూసింది. రేడియో అందుకుంది. పల్లపు విడిదుల వాళ్ళని హెలికాప్టర్‌లో తరలిస్తున్న సింక్లెయిర్ పలికాడు.

"అత్తా, నువ్వు గట్టు మీదేగా? నీకేం భయం లేదు. దీవిలో ఎవరైనా ఉన్నారా?"

"ఎవరూ లేరురా, తాత ఒక్కడే! తొందరగా..." ఆ పైన అంతా గరగర.

"సరే అత్తా, అర్థమైంది."

అర్థమైందట! ఏం అర్థమైంది వాడి మొహం! ఏ తాత అని వసంతమంతా అడిగినవాళ్ళు ఆ ఒక్కరోజు అడగలేదు.

హెలికాప్టర్ వచ్చింది. ఇచ్చిన మాట ప్రకారం, తాత బెదరకుండా సింక్లెయిర్ దాన్ని బాగా ఎత్తున పోనిచ్చాడు. దీవి దాటాక అది చెట్ల అవతల కిందికి దిగింది. కాసేపు కనబడలేదు. దిగాడు, ఎక్కించుకున్నాడు, మిగతావాళ్ళతోపాటు ఊరికి చేరుస్తాడు అనుకుంది హారియట్. హమ్మయ్య అని కూలబడి టీ కాచుకుంది. మధ్యాహ్నానికి నీళ్ళూ మంచుగడ్డలూ కలిసి దీవిని ముంచెత్తాయి. అది చూస్తూ, "అయ్యో, ఆ నాలుగు కాళ్ళ తాత ఏమైపోయాడో పాపం" అని కళ్ళు కూడా ఒత్తుకుంది.

మర్నాడు పొద్దున్న సింక్లెయిర్ గట్టు మీద దిగి పరిగెత్తుకొచ్చాడు.

"అత్తా! తాత బతికాడు! ఈదుకుంటూ ఒడ్డెక్కాడు, కళ్ళారా చూశాను!"

"ఈదడమేంట్రా? నువ్వు ఎక్కించుకోలేదూ? ఈ వయసులో ఆ మంచునీళ్ళలోనా! ఒంటికేమైనా కప్పావా లేదా?"

సింక్లెయిర్ నవ్వాడు. "ఆయనకి కప్పడమెందుకత్తా, అంత బొచ్చుండగా?"

హారియట్ ఈకలు పీకుతున్న బాతు చేతిలోంచి కింద పడింది.

"ఏ తాతరా?" అంది.

వాడు ఆమె వెనక ఉన్న డేరా వైపు చూశాడు. లోపలికి తొంగి చూశాడు. "తాత... నీ దగ్గర లేడా?" అన్నాడు. వాడికీ తాతే మరి, నాన్నని కన్న తాత.

నీళ్ళు తీశాక జెబిడీ పొదల్లో దొరికాడు. హారియట్ సింక్లెయిర్‌ని గుండెల మీద గుద్ది గుద్ది, ఆ చేతులతోనే తన నోరు కొట్టుకుంది. ఎవరి తప్పూ కాదన్నారు ఊళ్ళోవాళ్ళు. తప్పు ఎవరిదీ కాకపోతే మనిషి ఎలా పోయాడు? నాన్న అని ఒక్క మాట, చిన్నప్పుడు పిలిచిన మాట, నోటికి వచ్చుంటే సరిపోయేది.

మళ్ళీ వసంతం వచ్చింది. నాలుగు కాళ్ళ తాత మళ్ళీ దీవికి చేరాడు. ఆమె అదే గట్టు మీద డేరా వేసింది. నది కదిలే వేళకి రేడియోలో సింక్లెయిర్ గొంతు భయంభయంగా పలికింది. తీరం పొడుగునా ఉన్న విడిదులన్నీ వింటున్నాయి.

"అత్తా, దీవిలో ఎవరైనా ఉన్నారా?"

"మనుషులెవరూ లేరు," అంది హారియట్. "ఎలుగుబంటి ఉంది. ఎలుగుబంటి ఒక్కటే."

ఆమె రేడియో కింద పెట్టి, గట్టు అంచుకి వెళ్ళి, దీవికి వినబడేలా ఆ పేరు ఇంకోసారి అరిచింది.