పచ్చ అని చెప్పి పంపాను

మా మొదటి పిల్లాడు పోయిన గది గోడలు నీలం. సున్నంలో నీలిమందు కాస్త ఎక్కువై ఆ ఏడాది మరీ ముదురుగా వచ్చింది. వాడు జ్వరంతో కళ్లు తేలేసిన మధ్యాహ్నం నేను ఆ గోడకే ఆనుకుని కూర్చున్నాను. ఎవరో లేపితే లేచాను. చీర వెనకంతా నీలమే. ఆ చీర మళ్లీ కట్టలేదు. ఆ గదిలోకీ మళ్లీ పోలేదు.

అది తాండూరులో మా అత్తగారిల్లు. బజారు వీధిలో కందుల వ్యాపారం వాళ్లది. వాడు పోయాక అత్తమ్మ ఒక్క కన్నీటి చుక్క రాల్చగా నేను చూడలేదు. గుమ్మాలు కడిగింది, వంట చేసింది, నన్ను తినమంది. ఈమె గుండె నాపరాయితో చేశారా అనుకునేదాన్ని.

రెండో కాన్పు వికారాబాద్‌లో, పుట్టింట్లో అయింది. ఆడపిల్ల. అరవైలు అప్పుడే మొదలైన రోజులు. మా ఆయన పిల్లను చూడ్డానికి వచ్చినప్పుడు తేల్చి చెప్పేశాను.

"నీలం గోడలున్న అర్రల నా బిడ్డను పండవెట్ట. రంగు మార్పిస్తెనే వస్త. లేకుంటె వచ్చిన రైల్లనే మర్లిపోత."

"జర నిమ్మళంగుండు. అమ్మతోని మాట్లాడుత."

"అమ్మతోని కాదు, దుకాన్ల మాట్లాడు. చెయ్యి తగిలితె అంటే రంగు మాత్రం వద్దు."

తాండూరులో గోడలకు వేసే డిస్టెంపర్ రంగు అమ్మే దుకాణం ఒక్కటే. అందులో రెండు రకాలు దొరికేవి. ఒకటి కాగితం పొట్లంలో పొడి. నీళ్లలో కలిపి పూస్తే సున్నంలాగే చేతికి వచ్చేది. రెండోది బొంబాయి కంపెనీ డబ్బా. "అమ్మ పొట్లందే చాలంటది" అని మా ఆయన నసిగాడు. డబ్బాదే కావాలన్నాను. రంగులు చూపించే అట్టను దుకాణదారు మేకుకు తాడుతో కట్టేశాడట, ఇంటికి ఇవ్వడట. ఇక నోటిమాటే గతి.

"ఏం రంగు చెప్పాలె?"

"పచ్చ."

"పచ్చనేనా?"

"పచ్చనే."

నా కళ్ల ముందు పసుపు పూసిన మా అమ్మ గడప ఉంది. పెళ్లిలో కట్టుకున్న పచ్చబట్టలు ఉన్నాయి. మా ఇంట్లో పచ్చ అంటే అదే. ఆకు రంగును ఆకుపచ్చ అనే అంటాం.

తర్వాత తాండూరు నుంచి వచ్చిన బంధువు ఒకావిడ చల్లగా చెప్పింది, "మీ అత్తమ్మనే రంగుల దుకాన్‌కు పోయిందంట." బజారులో అడుగుపెట్టని మనిషి. పొట్లం పొడి తెచ్చి, నీలం మీద నాలుగు పూతలు పూయించి, కోడలి నోరు మూయించిందనే అనుకున్నాను. ఇక నిద్రపడితే ఒట్టు.

పిల్లకు ఐదో నెలలో మా ఆయన వచ్చి తీసుకుపోయాడు. ధారూర్‌లో రైలు ఆగినప్పుడు అడిగాను, "అర్ర అయిందా?"

"అయింది. నువు చెప్పినట్లే, పచ్చనే."

"నువు చూసినవా?"

ఆయన కిటికీ వైపు తిరిగాడు. "అమ్మ లోపటికి రానియ్యలే."

పిల్లను గట్టిగా పట్టుకున్నాను. అది ఏడ్చింది.

అత్తమ్మ వాకిట్లో ఎర్రనీళ్లు దిగదుడిచి, మాట్లాడకుండా వెళ్లి ఆ గది తలుపు తెరిచింది. గోడలన్నీ తమలపాకు రంగు. నిలువునా మండిపోయాను. నేనడిగింది తప్ప ఇంకేదైనా ఇస్తానని గోడల మీద రాసి పెట్టింది అనిపించింది.

"గిది పచ్చనా?" అని అరిచి, పిల్లతో గిరుక్కున తిరిగి అరుగు మీదికొచ్చాను. "వికారాబాద్‌కు రైలెప్పుడు?" అన్నాను మా ఆయనతో. ఎదురింటి వాళ్లు బయటికొచ్చి చూస్తున్నారు. చూడనీ అనుకున్నాను.

అత్తమ్మ నా వెనకాలే వచ్చింది. ఆమె మొహం పాలిపోయింది.

"పచ్చ అనే గద చెప్పి పంపితివి? మా సేడం దిక్కు పచ్చె అంటె గిదే బిడ్డా. ఆకు రంగు."

ఆమె పుట్టిల్లు కన్నడ దేశమని నాకు తెలుసు. తెలిసీ ఆ క్షణంలో తట్టలేదు. ఏదో అనబోయి ఆమె చేతుల వైపు చూశాను. గోళ్లు అరిగిపోయి, వాటి సందుల్లో నీలం ఇరుక్కుని ఉంది.

"గా చేతులేంది అత్తమ్మా?"

"పాత సున్నం గీకనిదె డబ్బా రంగు పట్టదన్నడు దుకాన్‌దారు. కూలోన్ని పిలుస్తనన్నడు నీ మొగడు. వద్దన్న. నా మనుమడు తడిమిన గోడ, పరాయోనితోని ఎట్ల గీకిస్త?" ఆమె తన గోళ్ల వైపు చూసుకుంది. "రోజింత నేనే గీకిన. తలుపేస్కోని ఏడ్సిన, గీకిన. పచ్చ అని నువ్వు చెప్పి పంపితె, పిల్ల పచ్చగుండాలని అడిగినవనుకున్న. నాక్కూడ గదే కావాలె గద."

పిల్లను ఆమె చేతుల్లో పెట్టి, లోపలికి తీసుకుపొమ్మన్నాను. గడప దగ్గర ఆమె ఆగిపోయింది. "భయమైతుంది. నువు గూడ రా" అంది. ఆమె మోచేయి పట్టుకున్నాను. ఇద్దరం కలిసే లోపలికి పోయాం.

కొత్త రంగు వాసన వేస్తోంది. పిల్ల ఆమె భుజం మీద నుంచి చెయ్యి చాచి గోడను తడిమింది. అత్తమ్మ గబుక్కున ఆ చేతిని పట్టుకుని అరచేయి తిప్పి చూసింది. నేనూ వంగి చూశాను.

ఏ రంగూ అంటలేదు.